శ్రీపర్వతం నుంచి కోనసీమ వరకు: తావో సాధన, తెలుగునేల సిద్ధవైద్యం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తావో పేరుతో సాగే ఏకాంతసాధనా శిబిరాలు, సంపూర్ణారోగ్య శిక్షణలు తమ విద్య అతిప్రాచీనమని, అందులో ఎవరైనా చేరవచ్చునని చెబుతాయి. ఈ రెండు మాటలకు తెలుగునేలపై ఎటువంటి పూర్వచరిత్ర ఉన్నదో చీనా యాత్రికుల రచనలు, సంస్కృత కావ్యాలు, రసశాస్త్ర గ్రంథాలు, ఆంధ్రదేశ శాసనాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దీర్ఘాయుస్సును కోరే గుహాసాధన, రోగిని ఆదుకొనే వైద్యశాల ఇక్కడ వేర్వేరు వ్యవస్థలుగా పెరిగాయని, వాటి మధ్య వంతెన వేసినవాడు గ్రామవైద్యుడని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తావో, శ్రీపర్వతం, ధాన్యకటకం, నాగార్జునుడు, రసవాదం, ఆరోగ్యశాల, బసవరాజీయం, కోనసీమ.

ఉపోద్ఘాతం

కొన్నాళ్లు ఇల్లు విడిచి, ఒకచోట ఉండి, శ్వాసను, ఆహారాన్ని, దేహచలనాన్ని ఒక క్రమంలో పెట్టుకోవడం నేర్పే శిబిరాలు నేడు ప్రపంచమంతటా నడుస్తున్నాయి. వాటిలో తావో పేరు చెప్పుకొనేవి ఒక పెద్ద వర్గం. ఇవి సాధారణంగా రెండు మాటలు చెబుతాయి. తమ విద్య వేల ఏళ్ల నాటిదన్నది మొదటిది. ఏ పూర్వపరిచయమూ లేనివారు కూడా చేరవచ్చునన్నది రెండవది. విడివిడిగా చూస్తే రెండూ నిజమే కావచ్చు. కాని ఆ రెండూ ఒకే చరిత్రకు చెందినవా? ప్రాచీనమైన ఆ విద్య నిజంగా కొత్తవారి కోసం తలుపు తెరిచి ఉంచిందా? ఈ ప్రశ్నను చీనాలో వేసినట్లే తెలుగునేల మీద కూడా వేయవచ్చు. దీర్ఘాయుర్విద్యల కోసం చీనా ప్రజలు చూసిన దేశాలలో మన దేశం ఒకటి. ఆ చూపులో ఆంధ్రదేశానికి ప్రత్యేకస్థానం ఉంది.

కోనసీమలో రాజోలుకు చేరువన, వైనతేయ తీరాన ఆదుర్రు గ్రామం ఉంది. అక్కడి బౌద్ధస్తూప శిథిలాన్ని ఊరివారు దుబరాజు గుడి అంటారు. అశోకుని కుమార్తె సంఘమిత్ర సింహళానికి పోతూ ఇక్కడ ఆగిందని ఐతిహ్యం. అది ఐతిహ్యమే, శాసనం చెప్పిన మాట కాదు. అయినా సముద్రానికి అంత దగ్గరగా, నదీపాయ ఒడ్డున ఒక స్తూపం వెలసిందంటే ఈ లంకభూములు బయటి లోకానికి ఎడంగా లేవని తెలుస్తుంది. ఇటువంటి సంబంధాలకు శాసనసాక్ష్యం నాగార్జునకొండ లోయలో దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనాసంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక ఒక చైత్యగృహాన్ని తామ్రపర్ణి, అంటే సింహళ, ఆచార్యులకు అర్పించింది. వారు ధర్మప్రచారం చేసిన దేశాల పట్టికలో కాశ్మీరం, గాంధారం, యవనదేశం, ద్రవిడదేశాలతో పాటు చీనా పేరు కూడా ఉంది. అంటే క్రీ.శ. 3వ శతాబ్ది నాటికే కృష్ణాతీరంలోని ఒక గృహిణి దానశాసనంలో చీనా ఒక తెలిసిన పేరు.

తావో – మార్గం

తావో అన్న చీనా పదాన్ని భారతీయ భాషలోకి ఎలా తేవాలన్న చర్చ క్రీ.శ. 647లోనే జరిగింది. కామరూప రాజు భాస్కరవర్మకు లావోత్సు గ్రంథాన్ని సంస్కృతంలో పంపాలని తాంగ్ చక్రవర్తి తాయ్‌త్సుంగ్ ఆజ్ఞాపించాడు. అనువాదభారం అప్పటికి రెండేళ్ల క్రితమే భారతయాత్ర ముగించుకొని వచ్చిన హ్యుయాన్ త్సాంగ్‌పై పడింది. త్సై హువాంగ్, చెంగ్ హ్యుయాన్‌యింగ్ మొదలైన తావో పండితులు సహాయానికి వచ్చారు. తావోకు సంస్కృతంలో బోధి అని పెట్టాలని వారన్నారు. బోధి అంటే మేలుకొన్న జ్ఞానం, తావో అంటే నడిచే దారి, కనుక మార్గం అనే పెట్టాలని హ్యుయాన్ త్సాంగ్ పట్టుబట్టాడు. మతాల మధ్య పెద్దరికపు తగవు కూడా ఇందులో ఉంది. బోధి అని ఒప్పుకుంటే బుద్ధుడు చెప్పినదీ లావోత్సు చెప్పినదీ ఒకటేనని ఒప్పుకున్నట్లే. చివరికి మార్గం అన్న పదమే నిలిచింది. ఆ పదం నేటికీ తెలుగులో అదే అర్థంతో ఉన్నది.

ఆ చర్చలోనే మరొక ముచ్చట ఉంది. లావోత్సు గ్రంథంతో పాటు హోషాంగ్ కుంగ్ వ్యాఖ్యకున్న పీఠికను కూడా అనువదించాలని తావో పండితులు కోరారు. పళ్లు టకటక కొట్టడం, నోట ఊరిన లాలాజలాన్ని మింగడం వంటి దీర్ఘాయుస్సాధనలు ఆ పీఠికలో ఉన్నాయి. వాటిని భారతదేశానికి పంపితే నవ్వులపాలవుతామని హ్యుయాన్ త్సాంగ్ నిరాకరించాడు. నేటి శిబిరాలలో కొత్తవారికి మొదట నేర్పేవి ఇటువంటి శ్వాస, దేహసాధనలే. తావో తత్త్వాన్ని మనకు అందించడానికి ఒప్పుకున్న మొదటి అనువాదకుడు తావో దేహసాధనను మాత్రం మూటకట్టడానికి ఒప్పుకోలేదు.

ధాన్యకటకపు బిలం

హ్యుయాన్ త్సాంగ్ ఆంధ్రదేశానికి వచ్చినది సుమారు క్రీ.శ. 639–640 ప్రాంతంలో. కోసలం నుంచి దక్షిణంగా దిగి, ఆంధ్రదేశ రాజధానిగా వేంగిని పేర్కొని, అక్కడి నుంచి ధాన్యకటకం చేరాడు. ధాన్యకటకంలో సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల వద్ద కొన్ని నెలలు మహాసాంఘిక అభిధర్మం చదివాడు. వారు అతని వద్ద మహాయాన శాస్త్రాలు చదివారు. అప్పుడు అతని వయసు నలభైకి అటూ ఇటూ. ఒక దేశపు పండితుడు మరొక దేశంలో కూర్చొని మళ్లీ విద్యార్థి కావడం, గురువులు కూడా శిష్యులు కావడం ఆ సంఘారామాలలో వింత కాదు. విద్య విషయంలో తలుపు తెరిచే ఉంది.

అదే ధాన్యకటకం గురించి అతడు చెప్పిన మరొక కథలో తలుపు మూసి ఉంది. 6వ శతాబ్దికి చెందిన మాధ్యమికాచార్యుడు భావవివేకునికి కొన్ని సందేహాలు తీరలేదు. మైత్రేయుడు బుద్ధుడై వచ్చేదాకా ప్రాణం నిలుపుకొని, అతనినే అడగాలనుకున్నాడు. అవలోకితేశ్వరుని ప్రతిమ ముందు మూడేళ్లు ధాన్యం ముట్టక, నీరు మాత్రమే తాగి ధారణి జపించాడు. బోధిసత్త్వుడు ప్రత్యక్షమై అతని కోరిక విని, ధాన్యకటకానికి దక్షిణాన కొండలో ఉన్న వజ్రపాణి సన్నిధికి వెళ్లమన్నాడు. అక్కడ మరి మూడేళ్లు జపం. అప్పుడు వజ్రపాణి ఆ రాతిలో అసురుని నివాసముందనీ, మంత్రించిన ఆవగింజలతో కొడితే తెరుచుకుంటుందనీ, లోపలికి పోయినవారు మైత్రేయుని రాక దాకా జీవించగలరనీ చెప్పాడు. ఇంకో మూడేళ్ల తర్వాత రాయి తెరుచుకుంది. చూడవచ్చిన జనం వేలమంది. భావవివేకుడు గడప మీద నిలిచి రమ్మని పిలిచాడు. అది పాముల పుట్ట అని, పోతే ప్రాణాలు దక్కవని జనం జంకారు. అతని వెంట నడిచినవారు ఆరుగురు. వారు లోపలికి పోగానే రాయి మూసుకుంది. బయట మిగిలినవారు అప్పుడు పశ్చాత్తాపపడ్డారు.

ఈ కథ చెప్పిన భాషను గమనించాలి. ధాన్యం విడిచి నీటిపై బతకడమన్న మాటకు హ్యుయాన్ త్సాంగ్ వాడిన చీనా పదం తావో యోగుల వ్రతపరిభాషలోనిది. ధాన్యత్యాగం వారి దీర్ఘాయుస్సాధనలో ఒక ముఖ్యాంగం. కొండ కడుపులో మరో లోకం ఉందని, అక్కడికి పోయినవారికి కాలం ఆగిపోతుందని చెప్పే గుహాస్వర్గాల భావన కూడా చీనా పాఠకులకు బాగా తెలిసినదే. తావోను కించపరచిన పండితుడే ఒక ఆంధ్రబౌద్ధుని సాధనను వర్ణించవలసివచ్చినప్పుడు తావో పదజాలాన్ని ఆశ్రయించాడు. పోలిక అతని కంటబడినదనే చెప్పాలి.

ఆ బిలం ఎక్కడన్నది తేలని విషయం. విజయవాడ కొండలని 19వ శతాబ్ది పండితులు కొందరు ఊహించారు. స్థలం ఏదైనా, సంఖ్యలు ముఖ్యం. తొమ్మిదేళ్ల సాధన, వేలమంది ప్రేక్షకులు, లోపలికి ఆరుగురు. దీన్ని కొత్తవారికి శిక్షణ అనలేము. పిలుపు అందరికీ ఉంది, కాని దానికి సిద్ధపడినవారు లేరు.

నాగార్జునుని మాత్ర

చీనాలో ఆంధ్రదేశంతో ముడిపడిన భారతీయాచార్యులలో నాగార్జునునికి దక్కిన వైద్యకీర్తి మరెవరికీ దక్కలేదు. కుమారజీవుడు (344–413) అనువదించినట్లు చెప్పే నాగార్జున జీవితకథ చీనాలోనే కూర్చబడి ఉండవచ్చునని పలువురు పరిశోధకుల అభిప్రాయం. అందులోని కథ ఇది. యౌవనంలో నాగార్జునుడు ముగ్గురు మిత్రులతో కలిసి అదృశ్యవిద్య నేర్వడానికి ఒక మాంత్రికుని వద్దకు వెళ్లాడు. ఈ బుద్ధిమంతులకు యోగం చెబితే మళ్లీ తన మొగం చూడరని మాంత్రికుడు లోలోపల అనుకున్నాడు. యోగం దాచి, తలా ఒక మాత్ర ఇచ్చి, నీటితో నూరి కనురెప్పలకు రాసుకొమ్మన్నాడు. మాత్ర అయిపోగానే మళ్లీ తన కాళ్ల దగ్గరికే వస్తారని అతని లెక్క. నాగార్జునుడు నూరేటప్పుడు వచ్చిన వాసనతోనే అందులోని డెబ్బై దినుసులను, వాటి పాళ్లను కనిపెట్టాడు. మాంత్రికుడు ఆశ్చర్యపోయి అసలు యోగం చెప్పక తప్పలేదు. నలుగురూ అదృశ్యులై రాజు అంతఃపురంలో చొరబడ్డారు. నేలపై చల్లిన సన్నని మట్టిలో అడుగుజాడలు పడ్డాయి. కత్తులు ఝళిపించిన భటుల చేతిలో ముగ్గురు మిత్రులు హతులయ్యారు. రాజు పక్కన ఊపిరి బిగబట్టి నిలిచిన నాగార్జునుడు మాత్రం మిగిలి, కోరికే దుఃఖమూలమని గ్రహించి భిక్షువయ్యాడు.

వైద్యవిద్యా చరిత్రకు ఇది చిన్న కథ కాదు. మందు ఇచ్చి యోగం దాచే గురువు, మందు అయిపోతే తిరిగి రావలసిన శిష్యుడు అన్న సంబంధాన్ని ఈ కథ సూటిగా పట్టుకుంది. కథ చివర నాగార్జునుడు గదిలో తలుపు మూసుకొని, కీచురాయి పెంకు విడిచినట్లు దేహం విడిచిపోతాడు. పెంకు విడిచిన కీచురాయి తావో సిద్ధుల నిర్యాణానికి వాడే ఉపమానం.

తర్వాత ఈ కీర్తి గ్రంథాలుగా పెరిగింది. 7వ శతాబ్దిలో కూర్చిన సుయి రాజవంశ చరిత్రలోని గ్రంథపట్టికలో నాగార్జున బోధిసత్త్వుని పేర నాలుగు చుట్టల ఔషధయోగాలు, రెండు చుట్టల సుగంధయోగాలు, ఒక చుట్ట దీర్ఘాయుర్విధానం పేర్కొనబడ్డాయి. తాంగ్ కాలంలో అతని పేర ఒక నేత్రవైద్యగ్రంథం ప్రసిద్ధికెక్కింది. చూపు మందగించిన మహాకవి బై జుయి తన బల్లపై ఆ పుస్తకం పరిచి ఉందని ఒక కవితలో చెప్పుకున్నాడు. 7వ శతాబ్దంలోనే తావో వైద్యుడు సున్ సిమియావ్ తన మహావైద్యగ్రంథంలో లావోత్సు మర్దనవిధానంతో పాటు పద్దెనిమిది కదలికలు గల భారతదేశపు బ్రాహ్మణ మర్దనవిధానాన్ని కూడా చేర్చాడు. ముసలివారు రోజుకు మూడుసార్లు చేస్తే నెలలో రోగాలు పోతాయన్నది దాని హామీ. కొత్తవారి కోసం రాసిన ఆరోగ్యశిక్షణ అంటే ఇదే. గుహ లేదు, మంత్రం లేదు, పాదరసం లేదు. చేతులు, మెడ, నడుము తిప్పడం మాత్రమే. నేటి శిబిరాలు తమ పూర్వికుణ్ని వెదుక్కోవాలంటే బిలంలోకి పోయిన భావవివేకుని వద్ద కాదు, ఈ పద్దెనిమిది కదలికల దగ్గర వెదకడం సబబు.

హ్యుయాన్ త్సాంగ్ కూడా నాగార్జునుని గురించి రాశాడు. అతడు ఓషధులతో ఆయుస్సు పోషించుకొని వందల ఏళ్లు జీవించాడని, అతని ఔషధంతోనే సాతవాహనరాజు కూడా దీర్ఘాయువయ్యాడని చెప్పాడు. రాజు చావక, సింహాసనం ఖాళీ కాక విసిగిన యువరాజు తల్లి సలహాపై నాగార్జునుని తలనే దానమడిగాడు. నాగార్జునుడు గడ్డిపోచతో తన కంఠం తానే తెంపుకున్నాడు. వార్త విన్న రాజు కూడా మరణించాడు. దీర్ఘాయుస్సు ఒకరికి వరమైతే వారసునికి శాపమన్న చమత్కారం ఈ కథలో దాగి ఉంది. రాతిలో ఐదంతస్తుల విహారం తొలుస్తుండగా రాజు బొక్కసం అడుగంటితే, నాగార్జునుడు మందు చల్లి రాళ్లను బంగారం చేశాడన్న కథ కూడా అక్కడిదే. ఆ కొండపేరు భ్రమరగిరి అని గ్రహించి, భ్రమరాంబ కొలువున్న శ్రీశైలంతో కొందరు ముడిపెట్టారు. యాత్రికుడు దానిని దక్షిణకోసలంలో ఉంచాడు గనుక ఈ గుర్తింపు గట్టిది కాదు. కాని ఔషధం, బంగారం, కొండ, నాగార్జునుడు అనే నాలుగూ ఒకచోట చేరడం శ్రీపర్వతపు తర్వాతి చరిత్రకు ముందుగుర్తు.

బాణుని నవ్వు, చక్రవర్తుల చావు

హ్యుయాన్ త్సాంగ్ హర్షుని ఆదరణ పొందాడు. అదే హర్షుని ఆస్థానంలో బాణభట్టు ఉన్నాడు. యాత్రికుడు తలవంచి విన్న కథలను కవి ఎగతాళి చేశాడు. కాదంబరిలో చండికాలయం వద్ద ఉండే ముసలి ద్రవిడసాధకునికి శ్రీపర్వతపు వింతకథలు వేలకొద్దీ తెలుసు. సరిగా తయారుకాని రసాయనం తిని జ్వరం తెచ్చుకున్నాడు. ఎవడో ఇచ్చిన సిద్ధాంజనం పెట్టుకొని ఒక కన్ను పోగొట్టుకున్నాడు. అసురబిలంలో ప్రవేశించాలన్న పిచ్చి కూడా ఉంది. ధాన్యకటకంలో భావవివేకుడు చేసినదీ, చీనాలో నాగార్జునుని పేర వెలసిన నేత్రవైద్యమూ బాణుని చేతిలో ఒక గుడ్డికన్ను, ఒక జ్వరం అయిపోయాయి. 7వ శతాబ్దికే ఇటువంటి సాధకుడు హాస్యపాత్రగా జనానికి తెలిసి ఉండాలి. తెలియకపోతే ఈ హాస్యం పండదు. 8వ శతాబ్దిలో భవభూతి మాలతీమాధవంలో శ్రీపర్వతం మళ్లీ సిద్ధులకు, కాపాలికులకు నెలవుగా కనిపిస్తుంది. అక్కడ నవ్వు లేదు, భయం ఉంది.

చీనాలో ఫలితం నవ్వుతో పోలేదు. 648లో రాయబారి వాంగ్ హ్యుయాన్‌త్సె భారతదేశం నుంచి నారాయణస్వామి అనే సిద్ధుణ్ని వెంటబెట్టుకొచ్చాడు. తనకు రెండువందల ఏళ్లని ఆ సిద్ధుడు చెప్పుకొన్నాడు. తాయ్‌త్సుంగ్ చక్రవర్తి అతనిచేత అమృతౌషధం చేయించాడు. ఔషధం పని చేయలేదు. 649లో చక్రవర్తి మరణించాడు. అయినా తర్వాతి చక్రవర్తి మళ్లీ ఓఢ్రదేశపు సిద్ధుణ్ని రప్పించాడు. పాదరసం, ఇంగిలీకం, హరిదళం కలిసిన ఔషధాలతో 9వ శతాబ్దిలోనూ తాంగ్ చక్రవర్తులు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తావో సాధన బయటి పుటాన్ని విడిచి, దేహాన్నే కొలిమిగా, శ్వాసనే నిప్పుగా భావించే అంతఃసాధన వైపు మొగ్గడానికి ఈ మరణాలు ఒక కారణమని చరిత్రకారులు భావిస్తారు. నేటి శిబిరాలలో నేర్పేది ఆ అంతఃసాధన నుంచి వచ్చినదే. అంటే తావో మృదువైన శ్వాససాధనల వెనుక విషం తిన్నవారి అనుభవం ఉంది.

శ్రీపర్వతపు గురువులు

తెలుగునేల మీద మాత్రం పాదరసం అంత తేలికగా పోలేదు. రసార్ణవం, నిత్యనాథసిద్ధుని రసరత్నాకరం, ఆనందకందం వంటి గ్రంథాలు శ్రీశైలాన్ని రససిద్ధికి ముఖ్యక్షేత్రంగా చూశాయి. రసరత్నాకరంలో ఒక ప్రకరణం పూర్తిగా శ్రీపర్వతానిదే. ఏ దిక్కున ఏ గుహ, ఏ చెట్టు, ఏ నీరు, ఏ రాయి, వాటితో ఏ సిద్ధి అన్నది దారి చెప్పినట్లు చెబుతుంది. చదివితే యాత్రికుల చేతిపుస్తకంలా ఉంటుంది. కాని అది అందరికీ రాసినది కాదు. గురుభక్తి, ధైర్యం, శుచి, రహస్యం కాపాడగల గుణం లేనివాడు శిష్యుడు కాలేడని రసగ్రంథాలు మళ్లీమళ్లీ చెబుతాయి. గురువు లేకుండా రసకర్మకు దిగినవానికి ఫలితం దక్కదన్నది వాటి తీర్పు. రసశాలను ఎక్కడ కట్టాలి, రసలింగాన్ని ఎలా పూజించాలి అన్నవి ముందు, మూసలు, పుటాలు తర్వాత.

ఈ కట్టుబాటు కేవలం గోప్యవ్యామోహం కాదు. సిద్ధరసాన్ని ముందు లోహంపై పరీక్షించి, లోహంలో ఫలించాకే దేహంలో వాడాలని రసార్ణవం చెబుతుంది. సీసాన్ని మార్చలేని రసం మనిషిని మార్చలేదన్న తర్కం అది. రసాయనశాస్త్రపరంగా ఆ తర్కం నిలవకపోవచ్చు. దేహం మీద నేరుగా ప్రయోగం చేయకూడదన్న జాగ్రత్త మాత్రం నిజమైనది.

తెలుగులో సిద్ధుల కథను మొదటగా విస్తరించి చెప్పినది 15వ శతాబ్దికి చెందిన గౌరన. శ్రీశైల భిక్షావృత్తి మఠాధిపతి ప్రేరణతో అతడు నవనాథచరిత్రను ద్విపదలో రాశాడు. అందులోని సారంగధరుని కథ గోదావరి తీరానికి ముఖ్యమైనది. సవతితల్లి నిందవల్ల తండ్రి కాలుసేతులు నరికించిన రాజకుమారుడు సిద్ధగురువు కృపవల్ల అవయవాలు తిరిగి పొంది తానే సిద్ధుడవుతాడు. గౌరన కథలో తండ్రి పేరు రాజమహేంద్రుడు. తర్వాతి కవుల చేతిలో అతడు రాజమహేంద్రవరపు రాజరాజనరేంద్రుడైపోయాడు. రాజమహేంద్రవరంలో సారంగధర మెట్ట వెలసింది. చరిత్రలోని రాజరాజనరేంద్రునికి ఇది అన్యాయమే. కాని శ్రీశైలపు సిద్ధకథ నదిని దాటి గోదావరివారి సొంతకథ అయిందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. సాధన ఫలితం ఇక్కడ అమరత్వం కాదు, తెగిన కాళ్లుచేతులు మళ్లీ మొలవడం. జనం సిద్ధుని నుంచి కోరుకున్నది వైద్యం.

తలుపు లేని శాల

ఆ వైద్యం అందించే వ్యవస్థ వేరే ఉండేది. నాగార్జునకొండలోనే ఒక విహారం వద్ద దొరికిన శాసనంలో విగతజ్వరాలయం అన్న మాట ఉంది. జ్వరం తగ్గినవారు తేరుకొనే చోటు అని దీని భావం. బోధిసిరి చైత్యగృహం కట్టించిన లోయలోనే ఈ శాల ఉండడం గమనింపదగినది.

మరింత స్పష్టమైన ఆధారం క్రీ.శ. 1261 నాటి మల్కాపురం శాసనం. రుద్రమదేవి కాలంలో గోళకీమఠాచార్యుడు విశ్వేశ్వరశివునికి లభించిన మందడం, వెలగపూడి గ్రామాల రాబడి వినియోగాన్ని అది వివరిస్తుంది. రాబడిలో ఒక భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి కేటాయించారు. వైద్యుడు కూడా మఠపు జీతగాళ్లలో ఒకడు. అన్నం బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరు వచ్చినా పెట్టాలని, తలుపు మూయరాదని శాసనం. నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం నడుస్తున్నది ఆ వెలగపూడిలోనే. ధాన్యకటకం అక్కడికి ఎంతో దూరం లేదు. ఆరుగురు మాత్రమే ప్రవేశించిన బిలమూ, ఎవరికీ మూయని శాలా ఒకే సీమలో, ఏడు శతాబ్దాల ఎడంతో ఉన్నాయి. శైవమఠం సాధకులకు దీక్ష ఇచ్చింది, రోగులకు మందు ఇచ్చింది, కాని ఆ రెంటినీ కలపలేదు. దీక్షకు అర్హత అడిగింది. మందుకు అడగలేదు.

నాడి, సిందూరం

గుహలోని విద్యలో కొంత మెల్లగా శాలలోకి, ఇళ్లలోకి వచ్చింది. తెచ్చినవాడు వైద్యుడు. చరక, సుశ్రుత సంహితలలో లేని నాడీపరీక్ష సుమారు 1300 ప్రాంతపు శార్ఙ్గధరసంహితలో కనిపిస్తుంది. చీనా వైద్యంలో నాడీజ్ఞానం అంతకు వెయ్యేళ్ల ముందు నుంచే బాగా పెరిగి ఉండడం వల్ల, సిద్ధుల ద్వారా అది ఇటు వచ్చి ఉండవచ్చునని కొందరు ఊహించారు. ఊహ ఊహే. తెలుగువైద్యుల చేతిపుస్తకమైన బసవరాజీయం ఇరవైఐదు ప్రకరణాలది. కొట్టూరు బసవరాజు నాడీపరీక్షకు, రసౌషధాలకు అందులో పెద్దపీట వేశాడు. సంస్కృత శ్లోకానికి తెలుగు తాత్పర్యం ఉన్నందున అది పండితుని చేతి నుంచి పల్లెవైద్యుని చేతికి వచ్చింది. రసార్ణవంలో దేవికి భైరవుడు చెవిలో చెప్పిన పాదరసం ఇక్కడ జ్వరానికి, అతిసారానికి, దగ్గుకు గురిగింజల తూకంలో ఇచ్చే మాత్ర అయింది. అమరత్వం మాట ఫలశ్రుతిలో ఉండిపోయింది.

కోనసీమలో ఈ పరంపర నేటికీ కనిపించే చోటు ఆలమూరు మండలంలోని చింతలూరు. ద్విభాష్యంవారి శ్రీవేంకటేశ్వర ఆయుర్వేద నిలయం అక్కడిది. ధన్వంతరికి ప్రత్యేకాలయం కట్టుకున్న అరుదైన ఊళ్లలో అది ఒకటి. భస్మాలు, సిందూరాలు, లేహ్యాలు, ఆసవాలు తయారుచేసే ఊరిలో దేవుడు రసలింగం కాదు, అమృతకలశం పట్టిన వైద్యుడు. శ్రీపర్వతానికీ కోనసీమకూ మధ్య జరిగిన మార్పు ఈ విగ్రహంలోనే తెలుస్తుంది.

మందు లేని వైద్యం కూడా తెలుగులోకి త్వరగానే వచ్చింది. జర్మనీలోని లైప్‌జిగ్ నివాసి లూయీ కూనే స్నానాలతో, పథ్యంతో చేసే చికిత్సపై రాసిన గ్రంథాన్ని డి. వెంకటచలపతి శర్మ 1894లో తెలుగులోకి తెచ్చారు. భారతదేశంలో ప్రకృతిచికిత్స ఉద్యమం ఆ అనువాదంతోనే మొదలైందని చెబుతారు. హిందీ, ఉర్దూ అనువాదాలు 1904లో వచ్చాయి. గాంధీజీ ఉరుళీకాంచన్‌లో ప్రకృతిచికిత్సాలయం తెరిచినది 1946లో. తొట్టెలో నీళ్లు, ఉప్పులేని కూర, మట్టిపట్టీ వంటివి ఎవరైనా నేర్వగలిగినవి. నేర్చుకున్న రోగి మరొకరికి చెప్పగలడు. మాత్ర ఇచ్చి యోగం దాచిన మాంత్రికునికి ఇక్కడ చోటు లేదు. హ్యుయాన్ త్సాంగ్ పేర్కొన్న వేంగి నేటి పెదవేగి. ఆ మండలంలోని విజయరాయిలో ఇప్పుడు పదిరోజుల విపశ్యన శిబిరాలు జరుగుతాయి. అందులో కొత్తవారే ఎక్కువగా కూర్చుంటారు. తొమ్మిదేళ్లు పదిరోజులైంది, ధాన్యత్యాగం సాయంకాలపు మితాహారమైంది. కాని అక్కడ కూడా అమరత్వం ఇస్తామని ఎవరూ అనరు.

ప్రాచీనత పేరు చెప్పి కొత్తవారికి గుహావిద్యను, అందులోనూ రసౌషధాన్ని అమ్మజూపినప్పుడే చిక్కు. బాణుడు నవ్విన ముసలివాడు, తాంగ్ చక్రవర్తి ఇద్దరూ ఆ చిక్కులో పడ్డవారే. రసశాస్త్రం గురువు చేతిలో పెట్టిన కట్టడిని భారతప్రభుత్వం తర్వాత చట్టంలో పెట్టింది. 1945 నాటి ఔషధనియమాలకు జతచేసిన విషద్రవ్యాల పట్టికలో పాదరసం, ఇంగిలీకం, రసకర్పూరం ఉన్నాయి. అవి కలిసిన, లోపలికి తీసుకొనే ఆయుర్వేద ఔషధాన్ని వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక దాని సీసాపై ముద్రించవలసిందే.